ఉమ్మడి నిర్వచనం లేని ఉమ్మడి పాఠం: మత అధ్యయనంలో ఏడు దేశాల కేస్ స్టడీ

నా పని శాసనాలు చదవడం. ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనాలతో మొదలుపెట్టి, వాటిలోని దానాలు, విహారాలు, ఉపాసికల (బౌద్ధాన్ని పాటించే గృహస్థ స్త్రీల) వెంట నడుస్తూ మత అధ్యయనంలోకి వచ్చాను. మన విశ్వవిద్యాలయాల్లో మత అధ్యయనానికి విడిగా శాఖ ఉన్నచోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలామందిమి చరిత్ర నుంచో, తత్వశాస్త్రం నుంచో, సామాజిక శాస్త్రం నుంచో ఈ ఇంట్లోకి వచ్చినవాళ్లమే. 2023లో దక్షిణాసియా, ఆగ్నేయాసియా అధ్యాపకులం కొందరం కలిసి ఎం.ఏ. విద్యార్థుల కోసం ఒక ఉమ్మడి పాఠం తయారుచేయడానికి పూనుకున్నాం. భారత్, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, కంబోడియా, ఇండోనేసియా. ఏడు దేశాలు, పదకొండు మందిమి. సమన్వయం నా బాధ్యత. ఆ పని ఎలా సాగిందో, నేనెక్కడ తప్పటడుగు వేశానో, చివరికి ఏది నిలబడిందో ఇక్కడ రాస్తున్నాను.

అనుకున్నది ఇది: ఆరు వారాల పాఠం. ఏడు చోట్లా ఒకే సమయంలో బోధించాలి. ఒక్కో విద్యార్థికి వేరే దేశపు విద్యార్థి జోడీగా ఉండాలి. పాఠంలో ఒక పదకోశం, ఒక పటం, ఒక జనగణన పత్రాల అభ్యాసం, ఒక వివాదాస్పద స్థలం మీద అధ్యాయం ఉండాలి. నిధులిచ్చినవాళ్లు ఇంకొకటి కూడా అడిగారు. పని ముగిశాక, మతాల మధ్య సామరస్యం గురించి ఏడు దేశాల పండితులు కలిసి ఒక ప్రకటన విడుదల చేయాలి. ఆ చివరి కోరిక చిన్నదిగానే కనిపించింది. తర్వాత అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే.

మొదటి ముసాయిదా, మొదటి పొరపాటు

మొదటి ముసాయిదా నేనే రాశాను. దేశాలు కలిసి పనిచేసే పద్ధతినే మనమూ పాటిస్తే సరిపోతుందని అప్పట్లో అనుకున్నాను. 1985 డిసెంబరు 8న ఢాకాలో ఆమోదించిన సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) చార్టర్‌లో పదో అధికరణం ఉంది. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా జరగాలని, ద్వైపాక్షిక అంశాలూ వివాదాస్పద అంశాలూ చర్చకు రాకూడదని అది చెబుతుంది. 1967లో బ్యాంకాక్‌లో పుట్టిన ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ కూడా ఓటింగుతో కాకుండా సంప్రదింపులు, ఏకాభిప్రాయంతో నడుస్తుంది. ఇండోనేసియా వాళ్లు దాన్ని ముషావరా, ముఫాకత్ అంటారు. గొడవ వచ్చేదాన్ని పక్కనపెట్టి, అందరూ ఒప్పుకునేదాంతో మొదలుపెట్టడం ప్రభుత్వాలకు పనికొచ్చే పద్ధతే. అందుకే నా ముసాయిదాలో కూడా ముందు అందరికీ ఒప్పుదలైన నిర్వచనాలు, తర్వాత అందరికీ ఉమ్మడి అయిన వారసత్వం, చివర్లో సమయం మిగిలితే కష్టమైన విషయాలు అని పెట్టాను.

ఈ వరుస మా శాస్త్రానికి సరిపడదని నాకు మొదటి వారంలోనే తెలిసింది. రాజ్యాలకు విభేదం ఒక అడ్డంకి. మాకు అదే అధ్యయన వస్తువు. ఏ మాట దగ్గర గొంతు పెరుగుతుందో, ఏ పటం చూడగానే ఒకరి ముఖం ముడుచుకుంటుందో, మేం తెలుసుకోవాల్సింది అక్కడే ఉంటుంది. దాన్ని పక్కనపెట్టాక మిగిలేది ఒట్టి మర్యాద.

ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. తేదీలు కుదర్చడంలోనే మాకు మొదటి పాఠం దొరికింది. వైశాఖ పూర్ణిమకు అందరికీ సెలవు ఉంటుంది కదా అని మే మొదటి వారం వదిలేసి, ప్రత్యక్ష సమావేశాన్ని జూన్ మొదట్లో పెట్టాను. ఆ ఏడాది భారత్, శ్రీలంకల్లో ఆ పండుగ మే 5న వస్తే, థాయ్‌లాండ్‌లో అధికమాసం లెక్క వేరు కావడంతో జూన్ 3న వచ్చింది. థాయ్ సహచరులిద్దరూ నొచ్చుకోకుండానే చెప్పారు, నేను తేదీ మార్చాను. బుద్ధుడి 2500 ఏళ్ల ఉత్సవాన్ని కూడా మనమూ శ్రీలంకా 1956లో జరుపుకుంటే, థాయ్‌లాండ్ 1957లో జరుపుకుంది. పరినిర్వాణం అయిన ఏడాదిని ఒకటిగా లెక్కించాలా, సున్నాగా లెక్కించాలా అన్నదే తేడా. ఒకే బుద్ధుడు, ఒకే పూర్ణిమ, అయినా క్యాలెండరు కలవదు. ఇది అప్పుడే నా మనసుకు బాగా ఎక్కి ఉండాల్సింది.

బోర్డు మీద నాలుగు మాటలు

పదకోశానికి ఒక పూట చాలనుకున్నాం. మూడు రోజులు పట్టింది.

మా పని భాష ఇంగ్లిష్. మాటల్లో ‘రిలిజియన్’ అనేది ఏ తడబాటూ లేకుండా దొర్లిపోతోంది. నేపాల్ నుంచి వచ్చిన సహచరురాలు లేచి, ‘మీమీ విద్యార్థుల ముందు ఈ మాటను ఏమని అంటారో బోర్డు మీద రాయండి’ అన్నారు. ఇండోనేసియా నుంచి వచ్చిన ఆయన ‘అగమ’ అని రాశారు. శ్రీలంక ఆయన పక్కనే ‘ఆగమ’ అని రాసి నవ్వారు. థాయ్, కంబోడియా వాళ్లు ‘శాసన’ అని రాశారు. ఉచ్చారణలో ఒకరిది సాత్సనా, ఇంకొకరిది సాస్నా. బంగ్లా, నేపాలీలు రెండింటికీ ‘ధర్మ’. నేను ‘మతం’ అని రాశాను.

నాలుగూ మన భాషలోనూ ఉన్న మాటలే. చాలాసేపు ఆ బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాను. నాతో వచ్చిన పరిశోధక విద్యార్థిని నెమ్మదిగా, ‘మేడమ్, మనకి శాసనం అంటే రాయి కదా’ అంది. అవును. తెలుగువాళ్లకు శాసనం అంటే రాతి మీద చెక్కిన రాజాజ్ఞ. లేదా శాసనసభ చేసే చట్టం. థాయ్‌వాళ్లకూ ఖ్మేర్‌వాళ్లకూ అది బుద్ధుడి బోధ. ఆ బోధ నిలిచి ఉండే కాలం, దాన్ని నిలబెట్టే సంఘం కూడా అందులోనే ఉన్నాయి. ఆగమం అంటే మనకు గుడిలో పూజ ఎలా జరగాలో చెప్పే శాస్త్రం. తిరుమలలో వైఖానసం, ఇంకోచోట పాంచరాత్రం, శివాలయాల్లో శైవాగమం. ఒక గుడిలో ఆగమం తప్పింది అంటే పూజావిధానంలో లోపం జరిగిందని అర్థం, అంతేగాని ఎవరో మతం మారారని కాదు.

ఇండోనేసియాలో అగమ అంటే రాజ్యం గుర్తించిన మతం. ఆ రాజ్యానికి మూలమైన ఐదు సూత్రాలను పంచశిల అంటారు, వాటిలో మొదటిది ఏకేశ్వర విశ్వాసం. అగమ అనిపించుకోవాలంటే ఒక దేవుడు, ఒక గ్రంథం, ఒక వ్యవస్థ చూపించాల్సి వచ్చింది. 1950ల చివరిదాకా బాలి ప్రజల ఆచారాలకు ఆ గుర్తింపు లేదు. సంఘ్యాంగ్ విధి అనే ఏకైక పరమేశ్వరుణ్ణి ముందుకు తెచ్చి, ఒక పరిషత్తు కట్టుకుని, పాఠ్యపుస్తకాలు రాసుకుని, వాళ్లు ఆ గుర్తింపు సంపాదించారు. బాలి హిందువులను చూసి ‘మనవాళ్లే’ అని మనం సంబరపడతాం. ఆ పేరు పలకడానికి వాళ్లు ఏ ఫారాలు నింపాల్సి వచ్చిందో మనకు తెలియదు. శ్రీలంక ఆగమ కథ ఇంకోటి. ఆ మాట ఈ అర్థంలో స్థిరపడటంలో వలస కాలపు క్రైస్తవ మిషనరీల రచనల పాత్ర పెద్దదని మా సహచరుడు ఒక గంట వివరించారు.

ధర్మం దగ్గర నేను ఒక్కదాన్నే చాలాసేపు మాట్లాడాను. తెలుగులో నిప్పు ధర్మం కాల్చడం. వీధిలో ‘ధర్మం చేయండి బాబూ’ అంటే భిక్ష. ధర్మాసుపత్రి అంటే డబ్బు తీసుకోని ఆసుపత్రి. న్యాయస్థానంలో కూర్చున్నది ధర్మాసనం. ఇంత విశాలమైన మాటను ‘రిలిజియన్’ గడిలో పెడితే అందులో ఎంత పడుతుంది? బంగ్లాదేశ్ సహచరుడు తల ఊపి, తమ దగ్గర స్కూలు మార్కుల జాబితాలో ధర్మ అనేది ఒక సబ్జెక్టు అని, కాబట్టి తమ పిల్లలకు ఆ మాట ఇప్పటికే ఇరుకైపోయిందని అన్నారు. నాకు చెప్పడానికి జవాబు లేకపోయింది.

ఇక మతం. ఇది మన్ అనే ధాతువు నుంచి వచ్చింది. అనుకోవడం, ఆలోచించడం. అభిమతం, సమ్మతం, బహుమతం అన్నీ దాని చుట్టాలే. మతం అంటే మొదట ‘ఒకరి అభిప్రాయం’. ఆచార్యుల మతం, మీమాంసకుల మతం అని పాత వ్యాఖ్యానాల్లో కనిపించేది ఈ అర్థమే. అభిప్రాయం అన్నాక ఇంకో అభిప్రాయం ఉంటుంది. ఆ మూడో రోజు సాయంత్రం, ఉమ్మడి నిర్వచనం రాయడం మానేద్దామని నేనే ప్రతిపాదించాను. ఒక్కో మాటకూ నాలుగు గడులుండే పేజీ తయారుచేశాం. ఆ భాషలో మామూలు జనం దాన్ని ఎలా వాడతారు, రాజ్యం ఎలా వాడుతుంది, పండితులు ఎలా వాడతారు. నాలుగో గడికి ‘అసమ్మతి’ అని పేరు పెట్టాం. పక్క దేశం వాళ్లకు ఆ పేజీలో ఏది మింగుడుపడకపోయినా అక్కడ రాస్తారు. రాసినవాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని దిద్దకూడదు, సమన్వయకర్తతో సహా. మతం పుట్టిన ధాతువు నుంచే అసమ్మతి కూడా పుట్టిందని చెప్పినప్పుడు శ్రీలంక, నేపాల్ వాళ్లకు వెంటనే అర్థమైంది. మిగతావాళ్లకు బోర్డు మీద విడదీసి చూపించాను.

ఆ తర్వాత ‘సెక్యులర్’ అనే మాటకు ఈ పేజీ ఎంత పనికొచ్చిందో చెప్పాలి. మన రాజ్యాంగ పీఠికలోకి 1976లో 42వ సవరణతో వచ్చిన ఆ మాట తెలుగులో ‘లౌకిక’ అయింది, అధికారిక హిందీలో ‘పంథనిరపేక్ష’ అయింది. బంగ్లాదేశ్ 1972 రాజ్యాంగంలో అది ‘ధర్మనిరపేక్షత’. 1988లో ఇస్లాం రాజ్య మతమైంది, 2011లో ధర్మనిరపేక్షత తిరిగి వచ్చింది, రాజ్య మతమూ అలాగే ఉంది. నేపాల్ 2015 రాజ్యాంగం ధర్మనిరపేక్ష అంటూనే, అనాదిగా వస్తున్న ధర్మ సంస్కృతుల రక్షణ కూడా అందులో భాగమే అని వివరణ ఇచ్చింది. శ్రీలంక 1978 రాజ్యాంగం తొమ్మిదో అధికరణంలో బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది. కంబోడియా 1993లో బౌద్ధాన్ని రాజ్య మతం చేసింది. ఒకే మాటకు ఒక సగటు అర్థం తీస్తే ఈ చరిత్రంతా కనబడకుండా పోయేది.

బాణం గుర్తులు

పటం తయారుచేసింది నేను. నాగార్జునకొండ, అమరావతి, ఘంటసాల నుంచి బాణాలు బయల్దేరి శ్రీలంక మీదుగా, బర్మా మీదుగా, జావా దాకా వెళ్లేలా గీశాను. పైన ‘వ్యాప్తి’ అని రాశాను. చిన్నప్పటి నుంచి చూస్తూ వచ్చిన పటమే అది. ఆగ్నేయాసియాను భారత సంస్కృతి విస్తరణగా చూసిన బృహత్ భారత సంఘం (గ్రేటర్ ఇండియా సొసైటీ) 1926లో కలకత్తాలో ఏర్పడ్డ నాటి నుంచి మన పాఠ్యపుస్తకాల్లో ఆ బాణాలు ఒకే దిక్కుకు పోతూనే ఉన్నాయి.

శ్రీలంక సహచరుడు పటం చూసి ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం ఒక ఫొటోకాపీ తెచ్చి నా ముందు పెట్టారు. అది నాకు కంఠోపాఠం వచ్చిన శాసనం. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం, క్రీస్తుశకం మూడో శతాబ్దం. శ్రీపర్వతం మీద చుళధమ్మగిరి విహారంలో ఆమె చైత్యగృహం, అంటే స్తూపం ఉండే ఆరాధన మందిరం కట్టించింది. ఎవరి కోసం? తంబపణ్ణి థేరుల కోసం, అంటే లంక నుంచి వచ్చిన ఆచార్యుల కోసం. ఆ ఆచార్యులు ఏయే దేశాల వాళ్లకు ప్రసన్నత కలిగించారో శాసనమే వరుసగా చెబుతుంది: కశ్మీర, గంధార, చీన, చిలాత, తోసలి, అవరంత, వంగ, వనవాసి, యవన, దమిళ, పలుర, తంబపణ్ణి ద్వీపం. ఆమె చేసిన మిగతా దానాల్లో సీహళ విహారంలో బోధివృక్షానికి కట్టించిన ప్రాసాదం ఉంది, కంటకసోలలో (ఇప్పటి ఘంటసాలలో) మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం ఉంది. మన కృష్ణా తీరంలో సింహళ విహారం! దానికి ఈ నేల మీది ఒక స్త్రీ దాత.

ఆ శాసనం మీద నేను పాఠాలు చెప్పాను, వ్యాసాలు రాశాను. అయినా పటం గీసేటప్పుడు నా చెయ్యి అలవాటు పడ్డ దిక్కుకే పోయింది. ఆయన ఒక్క మాటే అన్నారు: ‘మీ రాయి మా వైపు సాక్ష్యం చెబుతోంది.’ బాణాలు తీసేశాను. వాటి స్థానంలో చోట్లను కలిపే మామూలు గీతలు పెట్టి, ఒక్కో గీత మీదా దానికి ఆధారమేమిటో రాశాం. శాసనమా, విగ్రహమా, యాత్రికుడి రాతా అని. ఆధారం లేని గీతలు పోయాయి. నేను మొదట గీసిన వాటిలో దాదాపు సగం అలాగే పోయాయి. వియత్నాంలో దొరికిన ఒక కంచు బుద్ధ విగ్రహాన్ని అమరావతి శైలి అని చెప్పుకుంటూ వచ్చాం. అది శ్రీలంకలో పోతపోసినది కావచ్చనే వాదం బలంగా ఉంది కాబట్టి ఆ చోట రెండు గీతలు ఉంచి, పక్కన అసమ్మతి గడి పెట్టాం. ఆ పటం చూడ్డానికి మొదటిదంత గంభీరంగా ఉండదు. కానీ మా విద్యార్థులు ఎక్కువ ప్రశ్నలు వేసింది దాని మీదే.

ఆరు గడుల రెండు ఫారాలు

మొత్తం పాఠంలో విద్యార్థులకు గుర్తుండిపోయింది ఏదంటే ఈ అభ్యాసమే. భారతీయ విద్యార్థికీ ఇండోనేసియా విద్యార్థికీ చెరో ఫారం ఇచ్చాం. ఒకటి మన 2011 జనగణన పత్రంలో మతం ప్రశ్న. హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన అని ఆరు కోడ్‌లు, ఇంకేదైనా అయితే పేరు పూర్తిగా రాయాలి. రెండోది ఇండోనేసియా గుర్తింపు కార్డులో మతం గడి. అక్కడా గుర్తింపు పొందినవి ఆరే: ఇస్లాం, ప్రొటెస్టెంట్, కథోలిక్, హిందూ, బౌద్ధ, కన్ఫ్యూషియన్. మన ఫారంలో ఒక్కటిగా ఉన్న క్రైస్తవం అక్కడ రెండు మతాలు. మన దగ్గర విడిగా ఉన్న సిక్కులకు, జైనులకు అక్కడ గడే లేదు. కన్ఫ్యూషియన్ మతం గడి మన ఊహలోకి కూడా రాదు. అక్కడ 1967లో చైనా సంప్రదాయాల బహిరంగ ఆచరణ మీద పెట్టిన ఆంక్ష 2000లో పోయాకే దానికి మళ్లీ ఊపిరి వచ్చింది.

తర్వాత అసలు ప్రశ్న: ‘ఈ ఫారంలో చోటు లేనివాళ్లు ఎవరు?’ మన విద్యార్థులు సర్నా గురించి, అంటే జార్ఖండ్ చుట్టుపక్కల ఆదివాసుల ప్రకృతి ఆరాధన గురించి వెతికారు. 2011లో ‘ఇతర మతాలు’ కింద సుమారు 79 లక్షల మంది ఉంటే, వాళ్లలో సుమారు 49 లక్షల మంది సర్నా అని రాశారు. అంటే ఏకంగా జైనుల కన్నా ఎక్కువ మంది. అయినా విడి కోడ్ లేదు. 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ ఆ కోడ్ కోసం తీర్మానం చేసింది. ఇండోనేసియా విద్యార్థులు తమ దగ్గరి పూర్వికుల విశ్వాసాల గురించి చెప్పారు. వాటిని అగమ అనరు, కెపర్చయాన్ అంటారు, అంటే నమ్మకం. చాలాకాలం వాళ్ల కార్డుల్లో ఆ గడి ఖాళీగా ఉండేది, లేదా తమది కాని మతం పేరు రాయించుకోవాల్సి వచ్చేది. 2017 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇది వివక్ష అని తీర్పు చెప్పింది.

ఒక జోడీ సంగతి చెప్తాను. అబ్బాయిది మన ఏజెన్సీ ప్రాంతం, కోయ కుటుంబం. అవతలి అమ్మాయి నాయనమ్మ అలాంటి పూర్వికుల విశ్వాసాన్ని పాటించే మనిషి. వీడియోలో ఇద్దరూ గంటన్నర మాట్లాడుకుని, ఇచ్చిన ప్రశ్నలన్నీ వదిలేసి, ఒకే ఒక్క పేజీ రాసి పంపారు. తమ ఇంట్లో పెద్దవాళ్లు ఫారం నింపేటప్పుడు ఎవరు పక్కన కూర్చున్నారు, ఏమని అడిగారు, ఏమని రాశారు అన్నదే అందులో ఉంది. ‘మా తాత చెప్పింది వేరు, గుమస్తా రాసింది వేరు’ అని అబ్బాయి రాశాడు. దానికి పూర్తి మార్కులు ఇచ్చాను. అడిగిన ఆకృతిలో లేదని ఒక సహచరుడు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాన్ని కూడా రికార్డు చేశాం.

కొండ అంచు మీది గుడి

వివాదాస్పద స్థలంగా ప్రేహ్ విహేయర్‌ను ఎంచుకోవాలని అన్నది కంబోడియా సహచరురాలు. సరే అన్నది థాయ్ సహచరుడు. నేను భయపడ్డాను.

డాంగ్రెక్ కొండల అంచున ఉన్న శివాలయం అది. పాత పేరు శిఖరేశ్వరం. తర్వాత బౌద్ధులకూ పుణ్యస్థలమైంది. ఖ్మేర్‌లో ప్రేహ్ విహేయర్, థాయ్‌లో ఫ్రా విహాన్. రెండింటి లోపలా ఉన్నది మన విహారమే. 1904 ఒప్పందం ప్రకారం ఫ్రెంచి ఇండోచైనాకూ సయాంకూ (ఇప్పటి థాయ్‌లాండ్) మధ్య సరిహద్దు ఆ ప్రాంతంలో నీళ్లు విడిపోయే గీత వెంట పోవాలి. 1907లో ఫ్రెంచి అధికారులు తయారుచేసిన పటం గుడిని కంబోడియా వైపు చూపించింది. సయాం అభ్యంతరం చెప్పకపోవడం ఒప్పుకోవడమే అవుతుందని అంతర్జాతీయ న్యాయస్థానం 1962 జూన్ 15న తొమ్మిది మంది ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా గుడి కంబోడియాదని తేల్చింది. 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక మళ్లీ కాల్పులు. 2013లో అదే న్యాయస్థానం తన పాత తీర్పుకు వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

మత అధ్యయనం తరఫున మేం చెప్పగలిగింది ఏమిటి? గుడి ఎవరిదో తేల్చడం మా పని కాదు, అది తేలింది కూడా. ఒక శివాలయం బౌద్ధులు ఎక్కువగా ఉన్న రెండు దేశాలకు ఇంత ప్రాణప్రదం ఎలా అయిందన్నది మా ప్రశ్న. కంబోడియా, థాయ్ సహచరులిద్దరూ ఒకే అధ్యాయాన్ని రెండు నిలువు వరుసలుగా రాశారు. ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఇంకొకరు. ఒకరి వాక్యాలు ఒకరు ముట్టుకోలేదు. మధ్యలో న్యాయస్థానం తీర్పుల పాఠం యథాతథంగా ఉంటుంది. నిజం చెప్పాలంటే రెండు వరుసల్లోనూ కొన్ని పేరాలు నాకు నచ్చలేదు, దేశభక్తి పాలు ఎక్కువైంది అనిపించింది. కానీ అది నా అసమ్మతి. దాన్ని నా గడిలో రాసుకున్నాను.

ప్రకటన గురించి

ఆఖరి సమావేశంలో నిధులిచ్చినవాళ్ల తరఫు మనిషి ప్రకటన ముసాయిదా తెచ్చారు. ‘అన్ని మతాల సారం శాంతే’ అనేది అందులో మొదటి వాక్యం. ఆయన ఉద్దేశం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. అయినా సంతకం పెట్టలేనని చెప్పాను. ఎందుకంటే మతం తరఫున మాట్లాడటం వేరు, మతాన్ని అధ్యయనం చేయడం వేరు. ఈ శాస్త్రం పుట్టుకే ఆ తేడాతో ముడిపడి ఉంది. 1893లో షికాగోలో జరిగింది సర్వమత మహాసభ. అక్కడ మతాల ప్రతినిధులు మాట్లాడారు. 1900లో పారిస్‌లో మతాల చరిత్ర మీద జరిగిన మొదటి అంతర్జాతీయ సభ, సిద్ధాంతపరమైన మత వాదాలకు తావు లేదని ముందే చెప్పి మొదలైంది. 1950లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏర్పడ్డ అంతర్జాతీయ మత చరిత్ర సంఘంలో ఇదే ప్రశ్న 1960లో మార్బర్గ్ సభలో మళ్లీ లేచింది. మతాల మధ్య మైత్రి పెంచడం మంచి పనే కావచ్చు, కానీ అది ఈ శాస్త్రం చేసే పని కాదని అక్కడ మత చరిత్ర పండితుడు వెర్బ్‌లోవ్‌స్కీ ఒక పత్రం పెట్టారు, పలువురు పండితులు దాని మీద సంతకాలు చేశారు.

అయితే దీన్ని ఇంత కచ్చితంగా చెప్పేటప్పుడు నా మనసు కాస్త పీకింది. సరిహద్దు దగ్గర కాల్పులు జరిగే ప్రాంతంలో, మైనారిటీల ఇళ్ల మీద దాడులు జరిగే దేశాల్లో, శాంతి మా పని కాదని చెప్పడం తేలికైన విషయం కాదు. బంగ్లాదేశ్ సహచరుడు అదే అన్నారు: ‘మా విద్యార్థులకు ఆ వాక్యం అవసరం.’ ఆ పూటంతా మాట్లాడుకున్నాం. చివరికి ప్రకటన రాలేదు. దాని బదులు పాఠం మొదటి పేజీలో ఒక వాక్యం వచ్చింది. ఈ పాఠం రాసినవాళ్లు ఏకాభిప్రాయానికి రాలేదని, అయినా ఎవరూ మధ్యలో లేచి వెళ్లిపోలేదని. రెండోది అక్షరాలా నిజం. నిధుల రెండో విడత ఆగిపోయింది. మూడు చోట్ల విద్యార్థుల ప్రయాణ ఖర్చులు అధ్యాపకులమే పెట్టుకున్నాం.

ఇలాంటి పనికి దిగేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఇది. పదకోశాన్ని చివర్లో రాయకండి, మొదటి రోజే బోర్డు మీద పెట్టండి. పని భాష ఏదైనా, ఒక్కొక్కరినీ తమ తరగతి గదిలో వాడే మాటే రాయమనండి. సమన్వయకర్త దేశానికి చెందిన పటాన్ని ఇంకో దేశం వాళ్ల చేత తనిఖీ చేయించండి. నాకు ఆ బుద్ధి ముందే ఉండి ఉంటే రెండు వారాలు మిగిలేవి. పెద్ద దేశం నుంచి వచ్చినవాళ్లం గదిలో తక్కువ మాట్లాడాలన్నది కూడా నేర్చుకున్నాను. ధర్మం మీద ఆ రోజు నేను మాట్లాడిన సేపట్లో నేపాల్ సహచరురాలు రెండుసార్లు చెయ్యెత్తి దించేశారని తర్వాత వీడియోలో చూశాను.

పాఠం ఇప్పటికి రెండుసార్లు నడిచింది. 2025 జులై 24న థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య మళ్లీ పోరు మొదలైంది. ఐదో రోజున మలేసియాలోని పుత్రజయలో కాల్పుల విరమణ కుదిరింది. ఆ వారం రెండు మెయిళ్లు వచ్చాయి. ఒకటి బ్యాంకాక్ నుంచి, ఇంకోటి నోమ్ పెన్ నుంచి. ఒకరికి తెలియకుండా ఒకరు రాసినవి, కానీ దాదాపు ఒకటే మాట. అధ్యాయం మీద నుంచి తమ పేరు తీసేయమని, రాసింది మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చవద్దని. పేర్లు తీసేశాం. రెండు వరుసలూ పక్కపక్కనే ఉన్నాయి, పైన ఏ దేశం అన్నది మాత్రమే ఉంది. వచ్చే విడతలో ఆ రెండు దేశాల విద్యార్థులను జోడీలుగా పెట్టాలా వద్దా అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఒకరు పెట్టండి అన్నారు. రెండోవారి జవాబు కోసం చూస్తున్నాను.